జాత్యంతర సంకరణం: సంకర జంతువుల సంతానశక్తి

రెండు వేర్వేరు జాతుల జంతువులు జతకట్టి సంతానం కనడాన్ని జాత్యంతర సంకరణమనీ, అలా పుట్టిన ప్రాణిని సంకర జీవి అనీ అంటారు. మగ గాడిదకూ ఆడ గుర్రానికీ పుట్టే కంచర గాడిద ఇందుకు వేల ఏళ్లుగా మనిషికి తెలిసిన ఉదాహరణ. కంచర గాడిద సంతానం కనదన్న అనుభవం నుంచి సంకర జీవులన్నీ గొడ్డుపోతాయన్న లోకాభిప్రాయం స్థిరపడింది; ఒక దశలో శాస్త్రజ్ఞులు సైతం జాతికి జాతికి మధ్య హద్దు గీయడానికి దీన్నే గీటురాయిగా వాడుకున్నారు. అయితే పూర్తి గొడ్డుతనం నుంచి పూర్తి సంతానశక్తి వరకు ఎన్నో మెట్లు ఉన్నాయని, ఒకే జంటకు పుట్టిన ఆడపిల్ల చూలు కట్టగలిగినా మగపిల్ల గొడ్డుగా మిగిలిపోవడం సాధారణమేనని, ఈ తేడాలకు క్రోమోజోముల సంఖ్య ఒక్కటే కాక వాటిపై ఉన్న జన్యువులు రెండు జాతుల్లో విడివిడిగా మారుతూ రావడం ముఖ్య కారణమని ఇరవయ్యో శతాబ్దపు పరిశోధనలు తేల్చాయి.

నిర్వచనం, పరిధి

తమలో తాము జతకట్టి, సంతానశక్తి గల పిల్లలను కనగలిగి, ఇతర సమూహాల నుంచి ప్రజనన రీత్యా వేరుపడి ఉన్న జీవుల సముదాయమే జాతి అని 1942లో ఎర్నెస్ట్ మేయర్ ప్రతిపాదించిన నిర్వచనం జీవశాస్త్రంలో విస్తృతంగా ఆమోదం పొందింది. ఈ నిర్వచనాన్ని అక్షరాలా పాటిస్తే తోడేలు, కుక్క, ఉత్తర అమెరికా కొయోటీ ఒకే జాతి కావలసి వస్తుంది. ఎందుకంటే ఈ మూడింటికీ 78 క్రోమోజోములే ఉండటమే కాక, వీటి సంకర సంతానం ఆడా మగా తేడా లేకుండా పిల్లలు కంటుంది. అందువల్ల రూపం, నివాసం, ప్రవర్తన, జన్యు చరిత్ర వంటి ఇతర లక్షణాలను కూడా కలిపి చూసి జాతిని నిర్ణయించడం నేటి ఆచారం.

తెలుగు రాష్ట్రాల పాడి రైతులు సంకర జాతి ఆవులని పిలిచేవి, అంటే జెర్సీ, హోల్‌స్టీన్ ఆబోతుల వీర్యంతో దేశవాళీ ఆవులకు పుట్టినవి, ఈ వ్యాసం చర్చించే సంకరాలకు అంచున ఉంటాయి. మూపురం గల భారతీయ పశువులూ, మూపురం లేని ఐరోపా పశువులూ ఆరక్స్ అనే అంతరించిన అడవి పశువు నుంచే వచ్చినా, వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరుగా మచ్చికయ్యాయి. వాటిని కొందరు రెండు జాతులుగా, మరికొందరు ఒకే జాతిలోని రెండు ఉపజాతులుగా లెక్కిస్తారు. రెండింటికీ 60 క్రోమోజోములే ఉన్నాయి, వై క్రోమోజోము ఆకారంలో మాత్రం తేడా ఉంది. వీటి సంతానంలో ఆడ, మగ రెండూ ఫలవంతమైనవే. ఒంగోలుతో పాటు మరికొన్ని భారతీయ జాతి పశువుల నుంచి అమెరికాలో రూపొందిన బ్రాహ్మన్ పశువులను షార్ట్‌హార్న్ పశువులతో కలిపి టెక్సస్‌లో శాంటా గెర్ట్రూడిస్ అనే స్థిరమైన మాంసపు జాతిని తయారుచేయగలగడం ఈ ఫలవత్తకు నిదర్శనం.

భావన చరిత్ర

కంచర గాడిద ఎందుకు గొడ్డుపోతుందన్న ప్రశ్నను ప్రాచీన గ్రీకు తత్వవేత్తలు గంభీరంగానే చర్చించారు. ఎంపెడోక్లిస్, డెమోక్రిటస్ చెప్పిన కారణాలను అరిస్టాటిల్ జంతు జననంపై రాసిన గ్రంథంలో ఖండించి తన సొంత వివరణ ఇచ్చాడు. బాబిలోన్ ముట్టడి సమయంలో ఒక కంచర గాడిద ఈనడం నగర పతనానికి శకునమైందని హెరోడొటస్ కథనం. రోమనులకు కంచర గాడిద ఈనడం ఎన్నటికీ జరగని పనిని సూచించే నానుడి. ఆడ కంచర గాడిదకు గర్భమే మరణ హేతువవుతుందన్న నమ్మకం సంస్కృత సాహిత్యంలో, మహాభారతంలో సహా, ఉపమానంగా కనిపిస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్, ఫలవంతమైన సంతానం కలగడాన్నే జాతికి ప్రమాణంగా నిలిపాడు. జాతులు కలిసిపోకుండా సృష్టికర్త ఏర్పరచిన కట్టడే వంధ్యత్వమన్న నాటి భావనను చార్లెస్ డార్విన్ 1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’లో ఒక అధ్యాయమంతా వెచ్చించి ఎదుర్కొన్నాడు. రెండు జాతులు మొదటిసారి కలవడంలోని కష్టం వేరు, అలా పుట్టిన సంకరం తిరిగి సంతానం కనలేకపోవడం వేరు అని ఆయన విడదీసి చూపాడు. వంధ్యత్వం ప్రత్యేకంగా ప్రసాదించిన గుణం కాదని, రెండు వంశాలు వేర్వేరు దారుల్లో మారుతూ రావడం వల్ల అనుకోకుండా కలిగిన పర్యవసానమని వాదించాడు. అది ఏ విధంగా కలుగుతుందో చెప్పడానికి కావలసిన జన్యుశాస్త్రం అప్పటికి లేదు.

సంకరణానికి గల అవరోధాలు

జాతుల మధ్య అవరోధాలను రెండు వర్గాలుగా విభజిస్తారు. అండం ఫలదీకరణ చెందకముందే పనిచేసేవి మొదటి వర్గం: ఎదకు వచ్చే కాలాలు, నివాసాలు వేరుకావడం, కూతలూ వాసనలూ ప్రణయ చేష్టలూ పరస్పరం పొసగకపోవడం, జననాంగాల అమరిక కుదరకపోవడం, ఒక జాతి శుక్రకణాన్ని మరో జాతి అండపు పొర గుర్తించకపోవడం ఇందులోకి వస్తాయి. ఫలదీకరణ తరువాత పనిచేసేవి రెండో వర్గం: పిండం ఎదగకుండానే నశించడం, పుట్టిన పిల్ల బతకకపోవడం, బతికినా గొడ్డుపోవడం, మొదటి తరం ఫలవంతంగానే ఉన్నా రెండో తరం నుంచి బలహీనపడటం ఈ వరుసలో ఉంటాయి.

ఒకే పాకలో పెరిగే ఆవుకూ గేదెకూ సంకరం లేకపోవడం రెండో వర్గపు అవరోధానికి మంచి ఉదాహరణ. ఆవుకు 60, ముర్రా వంటి నదీ జాతి గేదెకు 50 క్రోమోజోములు ఉన్నాయి. ప్రయోగశాలలో ఒకదాని శుక్రకణంతో మరోదాని అండం ఫలదీకరణ చెందించినప్పుడు పిండం కొన్ని విభజనల వరకు సాగి, ఇంచుమించు ఎనిమిది కణాల దశలో ఆగిపోతుంది. అంతవరకు పిండం తల్లి అండంలో నిల్వ ఉన్న పదార్థాలతో నడుస్తుంది. తన సొంత జన్యువులను పనిలోకి దింపవలసిన దశ రాగానే రెండు జాతుల జన్యువులు ఒకదానితో ఒకటి కుదరక ఎదుగుదల నిలిచిపోతుంది.

అండాన్నీ శుక్రకణాలనూ నీటిలోకి విడిచే చేపల్లో సంకరాలు తరచుగా పుడతాయి. రష్యన్ స్టర్జన్‌కూ అమెరికన్ పాడిల్‌ఫిష్‌కూ ఉమ్మడి పూర్వీకులు 18 కోట్ల ఏళ్లకు పైగా వెనక ఉన్నా, వాటి సంకర పిల్లలు బతికినట్టు హంగరీ పరిశోధకులు 2020లో ప్రకటించారు. పిండాన్ని మావి ద్వారా తల్లి గర్భంలో పెంచే క్షీరదాల్లో అంత దూరపు సంకరాలు బతకవు. తల్లి, పిండం మధ్య జన్యువుల సమన్వయం అక్కడ మరింత కచ్చితంగా ఉండవలసి రావడం ఇందుకు ఒక కారణమని భావిస్తారు.

వంధ్యత్వానికి కారణాలు

క్రోమోజోముల జతకట్టు: శరీర కణాలు సమవిభజన ద్వారా పెరుగుతాయి, అందులో ప్రతి క్రోమోజోమూ తనకు తాను నకలు తీసుకుంటుంది గనుక దానికి జోడీ అవసరం లేదు. శుక్రకణాలు, అండాలు ఏర్పడే క్షయకరణ విభజనలో మాత్రం తండ్రి నుంచి వచ్చిన ప్రతి క్రోమోజోమూ తల్లి నుంచి వచ్చిన తన సరిజోడును వెతికి పట్టుకుని, దానితో భాగాలు మార్చుకుని, ఆ తరువాత విడిపోవాలి. గుర్రానికి 64, గాడిదకు 62 క్రోమోజోములు ఉండగా, కంచర గాడిదకు తల్లి నుంచి 32, తండ్రి నుంచి 31 కలిసి 63 వస్తాయి. లెక్క బేసి కావడం కంటే, రెండు జాతుల క్రోమోజోముల్లో ముక్కలు తిరగబడి, అతుక్కుని, చోట్లు మారి ఉండటం వల్ల చాలావాటికి సరిజోడు దొరకకపోవడమే ఇక్కడ పెద్ద చిక్కు. జతకట్టని క్రోమోజోములున్న కణాలను శరీరం పసిగట్టి నశింపజేస్తుంది. అందుకే మగ కంచర గాడిదకు వృషణాలు, పురుష హార్మోన్లు, ఎద వాంఛ అన్నీ ఉన్నా శుక్రకణాలు తయారుకావు. దాని దుడుకుతనం తగ్గించడానికి విత్తులు కొట్టించడం పెంపకందారుల అలవాటు. ఆడదానిలో అండకణాలు అత్యధికంగా చిన్ననాడే నశించి ఏ కొన్నో మిగులుతాయి.

సంఖ్య ఒక్కటే వంధ్యత్వాన్ని నిర్ణయించదని చెప్పడానికి రెండు వైపులా ఉదాహరణలున్నాయి. మంగోలియాకు చెందిన ప్రజివాల్‌స్కీ అడవి గుర్రానికి 66 క్రోమోజోములు, పెంపుడు గుర్రానికి 64 ఉన్నా, 65 క్రోమోజోములతో పుట్టే వాటి సంకరం ఫలవంతమైనదే. ఒక జాతిలో విడిగా ఉన్న రెండు క్రోమోజోములు రెండో జాతిలో అతుక్కుని ఒకటి కావడమే అక్కడి తేడా కనుక, క్షయకరణ విభజనలో ఆ మూడూ ఒక గుంపుగా సర్దుకోగలవు. భారతదేశపు నదీ గేదెకు 50, ఆగ్నేయాసియా చిత్తడి గేదెకు 48 ఉన్నా 49 గల వాటి సంతానం తిరిగి సంతానం కంటుంది. ఇందుకు విరుద్ధంగా ఆవు, జడలబర్రెలకు సమానంగా 60, సింహం, పులులకు సమానంగా 38 ఉన్నా వాటి మగ సంకరాలు గొడ్డువే.

జన్యువుల అననుకూలత: సంఖ్య కలిసినా సంతానం కలగకపోవడానికి కారణాన్ని విలియం బేట్‌సన్ 1909లో సూచించగా, థియొడోసియస్ డొబ్జాన్‌స్కీ, హెర్మన్ ముల్లర్ 1930, 40 దశకాల్లో స్వతంత్రంగా వివరించారు. ఒక పూర్వ జాతి రెండుగా చీలిన తరువాత ఒక శాఖలో మొదటి జన్యువు, మరో శాఖలో రెండో జన్యువు మార్పు చెందాయనుకుంటే, ఆ మార్పులు వాటి వాటి శాఖల్లోని మిగతా జన్యువులతో సర్దుకుని ఏ హానీ లేకుండా స్థిరపడతాయి. మారిన ఆ రెండు జన్యువులు ఒకే శరీరంలో ఎన్నడూ కలిసి పరీక్షకు నిలబడలేదు. సంకర జీవిలో తొలిసారి ఎదురుపడినప్పుడు అవి పొసగకపోవచ్చు. ఏ దశలోనూ ఏ శాఖకూ నష్టం కలగకుండానే రెండింటి మధ్య వంధ్యత్వం పుట్టగలదని నిరూపించడం ఈ సిద్ధాంతపు ముఖ్య ఫలితం. డార్విన్ ఊహించిన అనుకోని పర్యవసానానికి ఇది జన్యు రూపం ఇచ్చింది.

ఇటువంటి జన్యువులను ముందుగా డ్రోసోఫిలా అనే పండ్ల ఈగల్లో గుర్తించారు. దగ్గరి బంధువులైన రెండు డ్రోసోఫిలా జాతుల మగ సంకరాలు చనిపోవడానికి ఒక్కో జాతి నుంచి వచ్చిన ఒక్కో జన్యువు జంటగా కారణమవుతున్నాయని, ఆ రెంటిలో ఏ ఒక్కటి పనిచేయకపోయినా ఆ ఈగలు బతుకుతాయని 2006 నాటికి స్పష్టమైంది. వెన్నెముక గల జంతువుల్లో సంకర వంధ్యత్వ జన్యువుగా తొలుత గుర్తించింది ఎలుకల్లోని పీఆర్‌డీఎమ్9. దీన్ని 2009లో ప్రాగ్ నగరానికి చెందిన శాస్త్రజ్ఞుల బృందం ప్రకటించింది. క్షయకరణ విభజనలో క్రోమోజోములు భాగాలు మార్చుకోవడానికి ఎక్కడ తెగాలో నిర్దేశించడం ఈ జన్యువు పని. రెండు ఉపజాతుల ఎలుకల్లో ఇది వేర్వేరు చోట్లను ఎంచుకోవడం వల్ల సంకరపు క్రోమోజోములు సరిగా జతకట్టలేవు; 2016లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఈ జన్యువులో డీఎన్ఏను గుర్తించే భాగాన్ని మానవ జన్యువులోని భాగంతో మార్చినప్పుడు గొడ్డు మగ ఎలుకలకు సంతానశక్తి తిరిగి వచ్చింది. క్రోమోజోముల జతకట్టు, జన్యువుల పొసగుబాటు రెండు వేర్వేరు కారణాలు కావని, ఒకటి మరొకదాన్ని నడిపించగలదని ఈ ప్రయోగం చూపింది.

హాల్డేన్ నియమం: సంకర సంతానంలో ఒక లింగం మాత్రమే లోపించినా, అరుదైనా, గొడ్డుపోయినా, అది రెండు భిన్నమైన లింగ క్రోమోజోములు గల లింగమే అయి ఉంటుందని బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ 1922లో సూత్రీకరించాడు. క్షీరదాల్లో మగవాటికి ఎక్స్, వై అనే భిన్న క్రోమోజోములు ఉంటాయి కనుక మగవే ఎక్కువగా గొడ్డుపోతాయి. పక్షుల్లో, సీతాకోకచిలుకల్లో భిన్న క్రోమోజోములు ఆడవాటికి ఉంటాయి కనుక అక్కడ నష్టం ఆడవాటిది. ఎక్స్ క్రోమోజోము ఒక్కటే ఉన్న జీవిలో దానిపై ఉన్న అంతర్గత జన్యువులను కప్పిపుచ్చే రెండో ప్రతి లేకపోవడం ఈ నియమానికి ప్రధాన కారణంగా చెబుతారు. వీర్యోత్పత్తికి సంబంధించిన జన్యువులు తక్కినవాటి కంటే వేగంగా మారుతుండటం మరో కారణం. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై, జన్యుశాస్త్రవేత్తగా, ఆయన జీవిత చరిత్రకారుడిగా పేరు పొందాడు. 1964లో భువనేశ్వర్‌లో మరణించిన హాల్డేన్ భౌతికకాయం ఆయన కోరిక మేరకు కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.

ప్రధాన సంకరాలు

గుర్రపు వంశం: మగ గాడిద, ఆడ గుర్రాల సంతానం కంచర గాడిద కాగా, మగ గుర్రం, ఆడ గాడిదల సంతానాన్ని హిన్నీ అంటారు. జన్యు పదార్థం రెండింటిలోనూ దాదాపు ఒకటే అయినా రూపంలో, పరిమాణంలో తేడాలు కనిపిస్తాయి; తల్లి గర్భపు ప్రభావంతో పాటు, కొన్ని జన్యువులు తండ్రి నుంచి వస్తే ఒక రకంగా, తల్లి నుంచి వస్తే మరో రకంగా పనిచేయడాన్ని ఇందుకు కారణాలుగా చెబుతారు. సంకరానికి తల్లిదండ్రుల కంటే కొన్ని గుణాల్లో మెరుగుదల ఉండటాన్ని సంకర తేజం అంటారు. కంచర గాడిద ఓర్పు, గట్టి గిట్టలు, తక్కువ మేతతో గడుపుకోగల శక్తి దీనికి ప్రసిద్ధమైన నిదర్శనాలు. స్పెయిన్ రాజు 1785లో పంపిన మగ గాడిదతో జార్జ్ వాషింగ్టన్ అమెరికాలో వీటి పెంపకానికి ఊపు తెచ్చాడు. హిమాలయ సరిహద్దుల్లో వాహనాలు వెళ్లలేని చోట్లకు సరుకు చేర్చడానికి భారత సైన్యం నేటికీ వీటిని వినియోగిస్తోంది.

ఆడ కంచర గాడిదలు ఈనిన ఘటనలు అతి అరుదుగానైనా ఉన్నాయి. అమెరికాలోని నెబ్రాస్కాలో 1984లో జరిగిన ఒక ఈతను శాస్త్రజ్ఞులు క్రోమోజోముల పరీక్షతో ధ్రువీకరించారు. చైనాలోనూ ఆ దశకంలోనే ఇటువంటివి నమోదయ్యాయి. ఇటువంటి సందర్భాల్లో గుర్రపు క్రోమోజోములన్నీ ఒకే అండంలోకి చేరడం వంటి అసాధారణ పంపకం జరిగి ఉండాలి. గర్భాశయంలో లోపం లేదని మరో విధంగానూ రుజువైంది: గుర్రపు, గాడిద పిండాలను ఆడ కంచర గాడిద గర్భంలో ప్రవేశపెట్టినప్పుడు అది వాటిని మోసి కన్నది. సంతానం కనలేని కంచర గాడిదకు నకలును సృష్టించడం 2003లో ఐడహో విశ్వవిద్యాలయానికి సాధ్యమైంది. ఐడహో జెమ్ అన్న ఆ పిల్ల గుర్రపు వంశంలో పుట్టిన తొలి క్లోన్లలో ఒకటి.

పశువుల వంశం: లడఖ్, నేపాల్, టిబెట్, భూటాన్ ప్రాంతాల్లో ఆవుకూ జడలబర్రెకూ పుట్టిన సంకరాన్ని, మగదైతే జో అనీ, ఆడదైతే జోమో అనీ పిలుస్తారు. మగది గొడ్డుపోయినా బరువు మోయడానికి, దుక్కికి అక్కరకు వస్తుంది. ఆడది జడలబర్రె కంటే ఎక్కువ పాలిస్తూ, తిరిగి సంతానం కంటుంది. భూటాన్‌లో సిరి అనే స్థానిక ఆవులకు మిథున్ అనే పశుజాతి ఆబోతులతో పుట్టించిన పశువుల్లోనూ ఇదే తీరు: ఆడవి ఈనుతాయి, మగవి గొడ్డుపోతాయి. సంకరపు ఆడదాన్ని మాతృ జాతుల్లో ఒకదానితో మళ్లీ దాటించడాన్ని పశ్చ సంకరణం అంటారు. తరాల కొద్దీ ఇలా చేస్తే మగవాటి సంతానశక్తి క్రమంగా తిరిగి వస్తుంది. ఉత్తర అమెరికాలో ఆవునూ బైసన్‌నూ కలిపి బీఫాలో జాతిని నిలబెట్టినది ఈ పద్ధతే. అదే ప్రయోగాల మూలంగా అక్కడి అనేక బైసన్ మందల్లోకి ఆవు జన్యువులు చేరి, నేటికీ తొలగకుండా ఉన్నాయి.

గొర్రె, మేక, ఒంటె: గొర్రెకు 54, మేకకు 60 క్రోమోజోములు, రెండూ ఒకే మందలో మేసినా, అరుదుగా కట్టిన చూలు సాధారణంగా నిలవదు. బోట్స్‌వానాలో పుట్టి బతికిన ఒక సంకరానికి 57 క్రోమోజోములు ఉన్నాయని 2000లో పరిశోధకులు నివేదించారు. 1984లో రెండు జాతుల పిండాల కణాలను ప్రయోగశాలలో కలిపి పుట్టించిన జంతువు ఇటువంటిది కాదు. అందులో ప్రతి కణం పూర్తిగా గొర్రెదో, పూర్తిగా మేకదో అయి ఉంటుంది కనుక దాన్ని సంకరం అనక కైమిరా అంటారు. ఒకే మూపురం గల ఒంటె, రెండు మూపురాల ఒంటెలకు 74 క్రోమోజోములుండి సంతానం ఫలవంతంగా ఉంటుంది. దుబాయ్‌లో 1998లో కృత్రిమ గర్భధారణ ద్వారా ఒంటెకూ దక్షిణ అమెరికా లామాకూ పుట్టించిన కామా కూడా 74 క్రోమోజోములదే.

పెద్ద పిల్లులు: మగ సింహం, ఆడ పులి సంతానం లైగర్, మగ పులి, ఆడ సింహం సంతానం టైగాన్. లైగర్ తల్లిదండ్రులిద్దరి కంటే భారీగా పెరుగుతుంది. 400 కిలోలు దాటినవి ఉన్నాయి. కోల్‌కతా అలీపూర్ జంతుప్రదర్శనశాలలో 1970లలో ఈ ప్రయోగాలు ముమ్మరంగా సాగాయి. అక్కడ పుట్టిన రుద్రాణి అనే ఆడ టైగాన్ ఆసియా సింహంతో కలిసి పిల్లలను కనడం ద్వారా ఆడ సంకరాలు ఫలవంతమైనవని రుజువు చేసింది. ఆ పిల్లలకు లిటిగాన్లని పేరు పెట్టారు. మగ టైగాన్లు, మగ లైగర్లు మాత్రం హాల్డేన్ నియమం ప్రకారం గొడ్డుపోతాయి.

పక్షులు, జలచరాలు: మస్కోవీ మగ బాతుకూ పెంపుడు ఆడ బాతుకూ పుట్టే మ్యులార్డ్ గొడ్డుదే అయినా మాంసం కోసం విస్తారంగా పెంచుతారు. హవాయిలో 1985లో ఫాల్స్ కిల్లర్ తిమింగలానికీ బాటిల్‌నోజ్ డాల్ఫిన్‌కూ పుట్టిన ఆడ సంకరం పెద్దదై పిల్లలను కన్నది. భారతీయ మంచినీటి చేపలైన బొచ్చె, రోహు, మృగాలలకు సమానంగా 50 క్రోమోజోములుండి, వాటి సంకరాలు ఫలవంతంగా ఉంటాయి. 1957లో హీరాలాల్ చౌధురి, అలికున్హి కటక్‌లో హార్మోన్ సూదితో ఈ చేపల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాక, కావాలని సంకరాలు పుట్టించడం సులువైంది. అదే సౌలభ్యం వల్ల హేచరీలో జాతులు పొరపాటున కలిసిపోయే ప్రమాదమూ ఏర్పడింది. పైకి బొచ్చెలా కనిపించే సంకరం తల్లిచేపల్లో చేరితే, గొడ్డుది కాదు గనుక తరతరానికీ కల్తీ పెరుగుతుంది. చెరువుల్లో ఈ చేపలను పెద్ద ఎత్తున పెంచే కృష్ణా, గోదావరి జిల్లాల వంటి ప్రాంతాలకు తల్లిచేపల శుద్ధి అందుకే కీలకమైన విషయం.

క్షయకరణ విభజనను తప్పించుకున్న సంకరాలు

కొన్ని సంకర జీవులు జతకట్టే క్రోమోజోముల చిక్కును దాటవేసి తరతరాలుగా కొనసాగుతున్నాయి. మెక్సికో, టెక్సస్ నదుల్లోని అమెజాన్ మోలీ చేపలన్నీ ఆడవే. రెండు జాతుల కలయికలో పుట్టిన ఈ చేప, దగ్గరి జాతి మగ చేప శుక్రకణాన్ని అండం ఎదగడానికి ప్రేరణగా మాత్రమే వాడుకుని, అందులోని జన్యువులను స్వీకరించదు. వెన్నెముక గల జంతువుల్లో ఇటువంటి ఏకలింగ ప్రజననం 1932లో మొదటగా తెలిసింది దీనిలోనే. న్యూ మెక్సికో విప్‌టెయిల్ బల్లికి ఆ ప్రేరణ కూడా అక్కరలేదు. ఇది అనిషేక జననం, అంటే ఫలదీకరణ లేని అండం నుంచే పిల్ల పుట్టడం. ఐరోపాలో తినే కప్ప మరో దారి పట్టింది: బీజకణాలు తయారయ్యే ముందు ఒక జాతి క్రోమోజోములన్నింటినీ వదిలివేసి, రెండో జాతివాటినే అండంలోకి పంపి, మళ్లీ మొదటి జాతి మగ కప్పతో కలిసి సంకరంగానే పునర్జన్మిస్తుంది.

ప్రకృతిలో సంకరణం, పరిణామంలో దాని పాత్ర

సంకరాలు కొంతమేరకైనా ఫలవంతమైనవైతే, పశ్చ సంకరణం ద్వారా ఒక జాతి జన్యువులు మరో జాతిలోకి పాకుతాయి. దీన్ని అంతర్గమనం అంటారు. కెనడా ఉత్తర ప్రాంతంలో 2006లో వేటలో దొరికిన ఎలుగుబంటి ధ్రువపు ఎలుగుకూ గ్రిజ్లీకీ పుట్టినదని డీఎన్ఏ పరీక్ష తేల్చగా, 2010లో రెండో తరం సంకరం కూడా బయటపడింది. సంకరణం ఒక్కోసారి కొత్త వంశాన్నే పుట్టిస్తుంది. ఇటలీ పిచ్చుక అలా ఏర్పడిన జాతి. గాలపగోస్ దీవుల్లోని డాఫ్నీ మేజర్‌కు 1981లో మరో దీవి నుంచి వచ్చిన ఒక మగ ఫించ్ పక్షి స్థానిక ఆడ పక్షితో జతకట్టగా, ఆ సంతానం వేరే పాటతో, వేరే ముక్కు ఆకారంతో తమలో తామే జతకడుతూ ప్రత్యేక వంశమైంది. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు దాన్ని దశాబ్దాల పాటు పరిశీలించారు.

మానవ వంశం కూడా దీనికి మినహాయింపు కాదు. 2010లో వెలువడిన నియాండర్తల్ జన్యు పటం ఆధారంగా, ఆఫ్రికా వెలుపలి జనాభాలో, అంటే భారతీయుల్లోనూ, ఒకటి నుంచి నాలుగు శాతం నియాండర్తల్ డీఎన్ఏ ఉందని అంచనా వేశారు. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన సుమారు 90 వేల ఏళ్ల నాటి ఎముక ముక్క నియాండర్తల్ తల్లికీ, డెనిసోవన్ అనే మరో ప్రాచీన మానవ సమూహానికి చెందిన తండ్రికీ పుట్టిన బాలికదని 2018లో రుజువైంది. నేటి మానవుల ఎక్స్ క్రోమోజోముపైనా, వృషణాల్లో చురుకుగా పనిచేసే జన్యువుల దగ్గరా నియాండర్తల్ డీఎన్ఏ బాగా తక్కువగా ఉండటం చూసి, ఆ సంకర సంతానంలో మగవారి సంతానశక్తి తగ్గి ఉండవచ్చని 2014లో పరిశోధకులు ప్రతిపాదించారు.

సంరక్షణ, చట్టం

సంకర జీవి ఫలవంతమైనదా కాదా అన్నదాన్ని బట్టే వన్యజాతుల సంరక్షణలో దాని వల్ల కలిగే సమస్య మారుతుంది. గొడ్డు సంకరం వల్ల ఒక ఈత మాత్రమే వృథా అవుతుంది; ఫలవంతమైన సంకరం వల్ల అరుదైన జాతి జన్యు స్వరూపమే పలచబడిపోతుంది. స్కాట్లాండ్ అడవి పిల్లి పెంపుడు పిల్లులతో కలిసిపోయి దాదాపు కనుమరుగైంది. ఇథియోపియా తోడేలుకు ఊరకుక్కల నుంచి ఇదే ముప్పు ఉంది. మహారాష్ట్రలో పుణె పరిసర గడ్డి మైదానాల్లోనూ తోడేలు, కుక్కల సంకరాలు ఉన్నట్టు జన్యు పరీక్షలు నిర్ధారించాయి. మరోవైపు, దగ్గరి సంబంధాల్లోనే సంతానం కంటూ క్షీణించిపోయిన ఫ్లోరిడా పాంథర్లలోకి 1995లో టెక్సస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి కలపగా వాటి ఆరోగ్యం, సంఖ్య మెరుగుపడ్డాయి. అయితే అది వేర్వేరు జాతుల కలయిక కాదు, ఒకే జాతిలోని రెండు ప్రాంతీయ సమూహాల కలయిక.

భారతదేశంలో పెద్ద పిల్లుల సంకరణాన్ని 1985లో నిషేధించారు. జంతుప్రదర్శనశాలలు జాతుల శుద్ధిని కాపాడాలన్నది నేటి నియమావళి. సంకర మృగాలు సంరక్షణకు ఉపయోగపడకపోగా, వాటి కోసం వెచ్చించే స్థలం, మేత, వైద్యం అరుదైన మాతృ జాతులకు దక్కకుండా పోవడం, లైగర్ల వంటి వాటిలో అతి పెరుగుదల వల్ల ఆరోగ్య సమస్యలు రావడం ఈ నిషేధానికి బలమైన సమర్థనలు. పశుపోషణలో మాత్రం ఉద్దేశాన్ని బట్టి లెక్క మారుతుంది: కంచర గాడిద విషయంలో గొడ్డుతనం రైతుకు అడ్డు కాదు, ప్రతి తరానికీ కొత్తగా గుర్రాన్నీ గాడిదనూ కలపవలసి రావడమే దాని ఖర్చు; బీఫాలో, చేపల సంకరాల విషయంలో సంతానశక్తి ఉండటమే వాటి ప్రయోజనానికీ, వాటివల్ల కలిగే జన్యు కల్తీకీ ఒకే మూలం.